పిల్లలు నడిపే తరగతి

పీహెచ్‌డీ గైడు గది తలుపు ముందు నిలబడినప్పుడల్లా అతను తట్టబోయి చెయ్యి మళ్ళీ దించేసేవాడు. నలభై దాటిన మనిషి. ఇద్దరు పిల్లల తండ్రి. రేపు బడిపంతుళ్ళు కాబోయేవాళ్ళకి, పిల్లల్లో భయం పోగొట్టడం ఎలాగో ట్రైనింగ్ కాలేజీలో పాఠం చెప్పే లెక్చరరు. అలాంటివాడు ఆ తలుపు దగ్గరికి వచ్చేసరికి హోంవర్కు చెయ్యని పిల్లాడైపోయేవాడు. చొక్కా గుండీలు తడుముకునేవాడు. గొంతు సవరించుకునేవాడు. 

ఆ గదిలోంచి శాశ్వతంగా బయటపడటానికి ఏమేం కావాలో అతన్ని నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాడు. విద్యాశాస్త్రంలో డాక్టరేటు అంటే చదువు గురించి చదువు. దానికి ముందు ప్రవేశ పరీక్ష. గట్టెక్కితే తనకంటే పదేళ్ళు చిన్నవాళ్ళ పక్కన కూర్చుని పాఠాలు వినడం, వాటికి మళ్ళీ పరీక్ష. ఆ తర్వాత ఏం పరిశోధిస్తావో రాసివ్వాలి. ఏం దొరుకుతుందో తెలియకముందే ఏం దొరకబోతోందో పెద్దలకి నచ్చజెప్పాలన్నమాట. ఆర్నెల్లకోసారి ఎంతదాకా వచ్చావో చేతులు కట్టుకుని చెప్పుకోవాలి. పత్రికల్లో వ్యాసాలు అచ్చవ్వాలి, ఆ అచ్చువేసేవాళ్ళేమో పంపింది అందిందని కూడా చెప్పరు. రాసిందంతా కంప్యూటర్లో పెడితే ఎవరి దగ్గర ఎంత ఎత్తుకొచ్చావో అది తేల్చి చెబుతుంది. ఇంత అయ్యాక థీసిస్. అది మొహం తెలియని పరీక్షకుల దగ్గరికి పోతుంది. వాళ్ళు సరేనంటే చిట్టచివర బహిరంగ వైవా. హాల్లో నిలబెడతారు. దారినపోయే దానయ్య కూడా లేచి ప్రశ్న వేయొచ్చు, జవాబు చెప్పి తీరాలి.

ఒక్కొక్కటే దాటుకుంటూ వచ్చాడు, ముళ్ళకంచెలో దూరిన మేకలాగా ప్రతిచోటా కాస్త బొచ్చు వదిలేసి. గడువు పొడిగించారు, మళ్ళీ పొడిగించారు. ఇది ఆఖరుది. ఈ విద్యాసంవత్సరం ముగిసేలోపు పట్టా చేతికి రాకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. దాంతోపాటే కాలేజీలో కుర్చీ కూడా పోతుంది. డాక్టరేటు లేని లెక్చరర్లని కొనసాగించేది లేదని ప్రిన్సిపాలు నోటీసుబోర్డు మీద అంటించి, అతను చదివాడో లేదో చూడటానికి అక్కడే నిలబడ్డాడు కూడా.

ఇంట్లో భార్య అడగడం మానేసింది. ఆవిడ ఆస్పత్రి ల్యాబులో రక్తం తీసే పని చేస్తుంది. సాయంత్రం ఇంటికి రాగానే అతను గైడు సంగతి ఎత్తితే చెయ్యి అడ్డంపెట్టేది.

"పొద్దున్నుంచి ఊళ్ళోవాళ్ళ రక్తం తీసి వచ్చానండీ. ఇప్పుడు మీరు కూర్చుని నా రక్తం తాగకండి."

బావమరిది వస్తే ఇంకోరకం. మోటారు మెకానిక్కు. చిన్నప్పుడే బడికి దండం పెట్టి బయటికొచ్చినవాడు. "బావా, మా షెడ్డులో ఏ బండైనా ఇన్నేళ్ళు పడుంటే పాత ఇనుము వాడికి తూచేస్తాం. నిన్నింకా రిపేరు చేస్తూనే ఉన్నారంటే వాళ్ళ ఓపిక్కి మొక్కాలి" అనేవాడు. అతనూ నవ్వేవాడు. నవ్వకపోతే ఏడుస్తున్నాడనుకుంటారని.

అతని థీసిస్ మొత్తం ఒకే ఒక్క తరగతి గది మీద నిలబడింది. ఊరి చివర బడిలో లెక్కల క్లాసు. చెప్పేది ఒక పెద్దాయన, ఆ ఏడాదితో రిటైరైపోయేవాడు. పిల్లలు ఆయన్ని తాతమాస్టారు అనేవాళ్ళు. అతను అంతకుముందు చాలా బడులు తిరిగాడు. అన్నిచోట్లా పని ఒకటే. వెనక బెంచీలో కూర్చోవాలి. చేతిలో గడులు గీసిన కాగితం. గడియారం చూస్తూ, టీచరు మాట్లాడితే ఒక గడిలో టిక్కు, పిల్లలు జవాబు చెబితే ఇంకో గడిలో, పిల్లలు వాళ్ళంతట వాళ్ళే మొదలుపెడితే వేరే గడిలో, ఎవరూ మాట్లాడకపోతే చివరి గడిలో. చూసేవాడు మాట్లాడకూడదు, సాయం చెయ్యకూడదు, నవ్వకూడదు. గోడమీద బల్లిలా ఉండాలి. మిగతా బడుల్లో టిక్కులన్నీ టీచరు గడిలోనే చీమల్లా బారులు తీరేవి. తాతమాస్టారి క్లాసులో మొట్టమొదటిసారి పిల్లల గడులు నిండాయి.

ఆయన రాగానే, "నిన్న ఎక్కడిదాకా వచ్చాం?" అని అడిగేవాడు. రెండో బెంచీలో చివర కూర్చునే పిల్ల లేచి చెప్పేది. బోర్డు మీద లెక్క మొదలుపెట్టి సగంలో వదిలి ఇటు తిరిగేవాడు. ఒకడు వెళ్ళి సుద్దముక్క అందుకుని పూర్తిచేసేవాడు. ఆయన తప్పు వేస్తే ఎవరో నెమ్మదిగా దిద్దేవాళ్ళు, ఒక్కడు కూడా నవ్వేవాడు కాదు. అడిగిందే మళ్ళీ అడిగితే ఇంకొకరు ఇంకో దారిలో జవాబు చెప్పేవాళ్ళు. కొన్నిసార్లు ఆయన కిటికీ వైపు చూస్తూ చాలాసేపు నిలబడిపోయేవాడు. అప్పుడు పిల్లలే తర్వాతి లెక్క ఎత్తుకునేవాళ్ళు.

అవన్నీ పట్టుకెళ్ళి చూపిస్తే గైడు కుర్చీ ఊగడం ఆగింది.

"ఏమయ్యా, ఇది బంగారంలా ఉందే. కావాలనే తప్పు వేసి పిల్లలచేత దిద్దిస్తున్నాడు. కావాలనే మర్చిపోయినట్టు నటిస్తున్నాడు. ఇంత వయసొచ్చి ఎంత తెలివి చూడు. దీనికో పేరు పెట్టు."

"పిల్లలు నడిపే తరగతి అంటే బాగుంటుందా సార్?"

"బ్రహ్మాండం." గైడు ఆ రోజు అతనికి టీ తెప్పించాడు. అన్నేళ్ళలో అదే మొదటి టీ.

"ఎందుకలా చేస్తున్నారో మాస్టారిని ఒకసారి అడగనా సార్?"

"అడిగితే పాడైపోతుందయ్యా. తనలో ఏం గమనిస్తున్నారో తెలిస్తే ఏ మనిషీ మామూలుగా ఉండడు. నీ రూలు నువ్వు తప్పకు."

అతను రూలు తప్పలేదు. అడగలేదు. రాశాడు, బైండు చేయించాడు, ఇచ్చాడు.

పరీక్షకుల రిపోర్టులు వచ్చాయి. బాగున్నాయి. ముఖ్య పరీక్షకురాలు పేరున్న ప్రొఫెసరమ్మ, చాలామంది థీసిస్‌లని చించి పోగులు పెట్టిందని చెప్పుకునేవాళ్ళు. ఆవిడ కూడా పొగిడింది. ఒక్క షరతు మాత్రం పెట్టింది. వైవా జరిగే రోజు ఉదయం ఆ తరగతిని తన కళ్ళతో చూస్తానంది.

ఆ కబురు చెప్పడానికి అతను బడికి దాదాపు ఎగురుకుంటూ వెళ్ళాడు. మధ్యాహ్నం విరామం. తాతమాస్టారు వరండాలో బెంచీ మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"నమస్కారం మాస్టారూ."

ఆయన తలెత్తి చూశాడు. మర్యాదగా నవ్వాడు. "నమస్కారమండీ. మీవాడు ఏ క్లాసు?"

అతనూ నవ్వాడు, పెద్దాయన ఆటపట్టిస్తున్నాడనుకుని. "నేనండీ. మీ క్లాసులో వెనక బెంచీలో..."

"అలాగా. కూర్చోండి. మీవాడు బానే చదువుతాడు, మీరేం దిగులుపడక్కర్లేదు."

ఆ నవ్వు వెనక కళ్ళు మాత్రం నవ్వడం లేదు. అవి అతని మొహం మీద ఇటూ అటూ తిరుగుతున్నాయి, చీకట్లో స్విచ్చు కోసం గోడ తడిమే చెయ్యిలాగా. 

అప్పుడే రెండో బెంచీ పిల్ల నీళ్ళ సీసా పట్టుకుని వచ్చింది. వచ్చి, బస్సులో కండక్టరు తర్వాతి స్టాపు చెప్పినంత మామూలుగా చెప్పింది. "మాస్టారూ, ఈయన కాలేజీ సారు. మన క్లాసులో కూర్చుని రాసుకునేవారు. ఇప్పుడు మీకు క్లాసు లేదు. బెల్లయ్యాక మాకుంది. నేనొచ్చి తీసుకెళ్తా."

"ఆఁ, అవునవును" అన్నాడాయన. భుజాలు కిందికి దిగాయి.

అతను ఆ పిల్లని స్తంభం పక్కకి పిలిచాడు. "మాస్టారు ఎన్నాళ్ళనుంచి ఇలా ఉన్నారు?"

పిల్ల అతన్ని ఎగాదిగా చూసింది. "మీకు తెలీదా సార్? మీరు అదే రాసుకుంటున్నారనుకున్నాం."

"హెడ్మిస్ట్రెస్‌కి, మీ పెద్ద మేడానికి చెప్పలేదా?"

"చెబితే ఆయన్ని పంపించేస్తారు. ఆయన పోతే మాకు బెల్టుసారొస్తారు." బెల్టుసారు పక్క సెక్షనుకి లెక్కలు చెబుతాడు. ఆ పేరు ఎందుకొచ్చిందో అడగక్కర్లేదు. "పరీక్షలైపోతే తాతమాస్టారు ఎలాగూ రిటైరైపోతారు సార్. అప్పటిదాకా లాగితే చాలు. బోర్డు పని ఒకడిది, పాఠం గుర్తుపెట్టేది నాది, సాయంత్రం బస్సెక్కించేది ఇంకొకడిది. మీరొచ్చి కూర్చున్నప్పుడే మాకు గుండెలు జారిపోయేవి."

అతను బడి గేటు దాటి కొంతదూరం నడిచి, ఎటు వెళ్తున్నాడో తెలియక ఆగిపోయాడు. ఒక టర్ము మొత్తం ఆ గదిలో కూర్చున్నాడు. ఆ మనిషి తప్పిపోయిన పిల్లాడిలా కిటికీ వైపు చూస్తుంటే, నిశ్శబ్దం అని టిక్కు పెట్టాడు. టీచరు మొహం చూడటానికి ఆ కాగితంలో గడి లేదు. గడి లేదు కాబట్టి చూడలేదు.

మర్నాడు గైడు తలుపు ముందు గుండీలు తడుముకోలేదు, గొంతు సవరించుకోలేదు, నేరుగా లోపలికి వెళ్ళాడు.

"సార్, ఆ మాస్టారు నటించడం లేదేమోనండి. నిజంగానే మర్చిపోతున్నారేమో."

గైడు లేచి తలుపు మూశాడు. మళ్ళీ వచ్చి కూర్చుని, గొంతు తగ్గించాడు. "ఎవరికైనా చెప్పావా?"

"లేదు సార్."

"నువ్వేం చూశావో అది రాశావు. ఆయన బుర్రలో ఏముందో నీ టాపిక్కు కాదు. నువ్వు ఈ మాట బయట అన్నావనుకో, నీ గడువు పోతుంది, నీ ఉద్యోగం పోతుంది, నా గైడుషిప్పు మీద మచ్చ పడుతుంది. మచ్చ పడనివ్వను. అర్థమైందా?"

అర్థమైంది. అప్పటినుంచి అన్నం కంచంలో సగం వదిలేసి లేచిపోయేవాడు. ఫోను మోగితే ఉలిక్కిపడేవాడు. ప్రొఫెసరమ్మ క్లాసులో లేచి, "ఈ పెద్దమనిషికి మతి లేదు, ఆ సంగతి తెలియనివాడు నువ్వు పరిశోధకుడివా" అన్నట్టు పగలే కళ్ళముందు కనిపించేది. ఆవిడకి తెలిస్తే పట్టా పోతుంది. పెద్ద మేడానికి తెలిస్తే మాస్టారు పోతాడు. తెలియకపోతే ఆ అబద్ధం తన పేరుతో అచ్చయి ఉంటుంది. ఎటు దొర్లినా ముళ్ళే.

"పట్టా వస్తోందంటే మొహం అలా ఉందేంటండీ, ఎవరో పోయినట్టు?" అంది భార్య.

"అలసట" అన్నాడు.

బడికి వెళ్ళి, పెద్ద ప్రొఫెసరమ్మ వస్తోందని రెండో బెంచీ పిల్లకి చెప్పాడు. ఆ పిల్ల గోరు కొరుకుతూ కాసేపు ఆలోచించింది. "మేం చూసుకుంటాం సార్. మీరు మాత్రం వెనక కదలకుండా కూర్చోండి. మీరు కదిలితే మాస్టారు బెదురుతారు."

ఆ ఉదయం రానే వచ్చింది. ప్రొఫెసరమ్మ చిన్న మనిషి, చూపు మాత్రం సూది. బెంచీ మీద అతని పక్కనే కూర్చుంది. అవతల గైడు, గైడు పక్కన పెద్ద మేడం. తాతమాస్టారు ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. ఎవరో పిల్లలే ఆయన తల దువ్వినట్టుంది, పాపిడి పక్కకి పోయింది. నిన్న ఎక్కడిదాకా వచ్చామని అడిగాడు. రెండో బెంచీ చెప్పింది. భిన్నాలు. లెక్క మొదలైంది. ఒకడు లేచాడు, ఒకతె దిద్దింది. సాఫీగా పోతోంది. 

అప్పుడు మాస్టారు ఇటు తిరిగాడు. వెనక బెంచీలో కొత్త మొహాలు కనిపించాయి. సుద్దముక్క పట్టుకున్న చెయ్యి గాల్లో ఆగిపోయింది. అలా ఆగి, ఎందుకు లేపాడో తెలియని ఆ చేతినే చూసుకుంటున్నాడు. ప్రొఫెసరమ్మ పెన్ను కూడా ఆగింది.  ముందు బెంచీ కుర్రాడొకడు దగ్గాడు. లేచి వెళ్ళి, "మాస్టారూ, ఇది నే చేస్తా" అని సుద్దముక్క తీసుకున్నాడు. క్లాసు మళ్ళీ కదిలింది.

"అద్భుతం" అంది ప్రొఫెసరమ్మ అతని వైపు వంగి. "ఆ ఆగడం చూశారా? ఎంత ధైర్యం ఉండాలి టీచరుకి, అంతసేపు ఆగడానికి."

గంట కొట్టాక బయటికొచ్చి, ప్రొఫెసరమ్మ మాస్టారిని కూడా మధ్యాహ్నం వైవాకి తీసుకురమ్మంది. అతను అడ్డుపడ్డాడు. "ఆయనకి ఓపిక ఉండదేమోనండి."

"ఎందుకుండదూ? నా కార్లో నేనే తీసుకొస్తా" అంది పెద్ద మేడం. తన బడికి అంత గౌరవం ఆవిడ జన్మలో చూడలేదు.

అతను, మాస్టారు ఎక్కిన కారు కదులుతుంటే రెండో బెంచీ పిల్ల గేటు దాకా పరిగెత్తుకొచ్చి, అద్దంలోంచి మాస్టారి వైపు కాదు, అతని వైపు చూసింది. పిల్లలకి ఆ మధ్యాహ్నం యూనిట్ టెస్టు ఉంది. రావడానికి లేదు.

హాలు నిండిపోయింది. ట్రైనింగ్ కాలేజీ విద్యార్థులు, లెక్చరర్లు, ప్రిన్సిపాలు. చివరి వరసలో భార్య, సగం రోజు సెలవు పెట్టి వచ్చింది. అతను మాట్లాడాడు. ఏం మాట్లాడాడో తర్వాత గుర్తులేదు. ప్రశ్నలు అడిగారు, నోరు దానంతటది జవాబులు చెప్పింది. అంతా అయిందనుకునేసరికి ప్రొఫెసరమ్మ మైకు అందుకుంది. ఈ పద్ధతి ఒక బడిలో ఉండిపోకూడదంది. వచ్చే నెలనుంచి అన్ని ట్రైనింగ్ సెంటర్లకీ మాస్టారిని తీసుకెళ్దాం, ఆయన చేసి చూపిస్తారు, ఈయన వివరిస్తారు అంది. చప్పట్లు మోగాయి.

"మాస్టారు గారు వేదిక మీదికి వచ్చి రెండు ముక్కలు చెప్పాలి."

ఎవరో ఆయన్ని చెయ్యి పట్టి ఎక్కించారు. ఆయన మైకు వైపు చూశాడు. హాలు వైపు చూశాడు. చాలాసేపటికి పెదవులు కదిలాయి.

"నిన్న ఎక్కడిదాకా వచ్చాం?"

హాలంతా ఘొల్లున నవ్వింది. చేసి చూపిస్తున్నాడనుకున్నారు. "భిన్నాలు" అని అరిచాడు ఒక విద్యార్థి. మళ్ళీ చప్పట్లు.

"నిన్న ఎక్కడిదాకా వచ్చాం?"

ఈసారి నలుగురైదుగురు ఒకేసారి అరిచారు, తలొక జవాబు. నవ్వులు పెరిగాయి. ఆయన మూడోసారి అడగలేదు. రెండో వరసలో చివరి కుర్చీ వైపు చూశాడు. అక్కడ యూనివర్సిటీ రిజిస్ట్రారు కోటు వేసుకుని కూర్చున్నాడు. మాస్టారి కళ్ళు ఆ కోటు మీదినుంచి జారి, పక్క కుర్చీ, పక్క కుర్చీ, వరసలన్నీ వెతికాయి. మైకుని తడుముతున్న ఆయన వేళ్ళ చప్పుడు స్పీకర్లలో టకటకమని వినిపిస్తోంది. దానికీ నవ్వారు.

అతను లేవాలనుకున్నాడు. కుర్చీ వెనక్కి జరిపాడు. బల్ల కింద గైడు చెయ్యి అతని తొడ మీద పడింది. "కూర్చో" అన్నాడు గైడు, పెదవి కదలకుండా, నవ్వుతూనే. అతను కూర్చున్నాడు.

లేచింది అతని భార్య. చివరి వరసనుంచి గబగబా నడిచొచ్చి వేదిక ఎక్కింది. "రండి బాబాయిగారూ, నీళ్ళు తాగుదురుగాని" అని ఆయన మోచెయ్యి కింద చెయ్యి వేసి దింపుకుపోయింది. ల్యాబులో రోజూ అలాంటివాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టే మనిషి. ఆవిడకి ఒక్క చూపు చాలింది. హాలు వాళ్ళిద్దరికీ కూడా చప్పట్లు కొట్టింది.

పరీక్షకులు రిపోర్టు రాయడానికి పక్కగదిలోకి వెళ్ళారు. అతను వరండాలోకి వచ్చాడు. మాస్టారు బెంచీ మీద ఉన్నాడు. భార్య టీ తేవడానికి వెళ్ళింది, వెళ్తూ అతని వైపు చూసిన చూపు అతనికి నచ్చలేదు.

"నువ్వు వెనక బెంచీ సారువి కదూ" అన్నాడు మాస్టారు. కళ్ళు ఈసారి తేటగా ఉన్నాయి.

"అవును మాస్టారూ."

"నువ్వొచ్చిన రోజునుంచీ నాకు వణుకే నాయనా. నన్ను పట్టుకోడానికి పంపారనుకున్నా. నీ పెన్ను కదిలిందంటే, ఇవాళ్టితో సరి అనుకునేవాణ్ణి. ఇంట్లో పాఠమంతా నోటికి చెప్పుకుని వచ్చేవాణ్ణి, నీ మొహం చూడగానే అన్నీ ఎగిరిపోయేవి." అతని చెయ్యి పట్టుకున్నాడు. పొడిబారిన చెయ్యి. "కానీ నువ్వు రాయలేదు. రాసుంటే ఈపాటికి పంపించేసేవాళ్ళు. చూసి కూడా ఊరుకున్నావు. అంత మంచితనం ఈ రోజుల్లో ఎవరికుంటుంది."

 ఆ చెయ్యి విడిపించుకోవాలనిపించింది, విడిపించుకోలేకపోయాడు.

"ఇందాక ఆవిడ ఎక్కడెక్కడో తిప్పుతానంటోంది. అది వద్దని చెప్పవూ? ఆ బడిలో పిల్లలు నాకు తెలుసు. బయట నాకెవరూ తెలీదు. భయమేస్తుంది." తలుపు వైపు ఓసారి చూశాడు. "ఎందుకు వద్దంటున్నానో మాత్రం చెప్పకు. పరీక్షలదాకా పిల్లలతో ఉండనీ."

అటెండరు తలుపు తీసి పిలిచాడు. "రండి సార్, మిమ్మల్నే."

గదిలో బల్ల మీద రిపోర్టు సిద్ధంగా ఉంది. సంతకం పెట్టడమే తరువాయి. గైడు మొహం వెలిగిపోతోంది. ప్రొఫెసరమ్మ పెన్ను మూత తీసి, "అభినందించే ముందు ఒక్క మాట. మాస్టారి ప్రయాణాల సంగతి మీరే చూసుకోవాలి" అంది.

"ఆయన రారండి."

"ఎందుకని?"

ఆ ఒక్క ప్రశ్నకి అతను అన్ని వైపులా చూసుకున్నాడు. ఒంట్లో బాలేదంటే, ఏమిటని అడుగుతుంది, పలకరించడానికి బడికే వెళ్తుంది. నిజం చెబితే రేపటికి ఆ క్లాసులో బెల్టుసారు ఉంటాడు. ఊరుకుంటే ఊరికో వేదిక, ఊరికో మైకు. తలుపులన్నీ మూసుకుపోగా ఒకే ఒక్కటి మిగిలింది. అది తన మీద పడే తలుపు.  అతను దాన్నే తెరిచాడు.

"అది ఆయన పద్ధతి కాదు మేడం. నేను నేర్పించింది. ఎక్కడ ఆగాలో ఆయనకి, ఎప్పుడు లేవాలో పిల్లలకి. అందరికీ నేనే చెప్పిచ్చాను. కాలేజీ కోసం నాటకమని నమ్మించాను. వాళ్ళకేం తెలియదు."

గైడు కళ్ళజోడు తీశాడు. "మేడం, ఇతనికి టెన్షన్ ఎక్కువైంది, ఏదేదో..."

"సారుకి కూడా ఏం తెలియదు" అన్నాడతను.

గైడు నోరు తెరిచి ఉంది. అందులోకి పడిన ఆ మాట ఎంత విలువైందో ఆయనకి వెంటనే తెలిసింది. "అవును, నాకు తెలియదు" అన్నాడు.

ప్రొఫెసరమ్మ అతన్నే చూస్తోంది. "ఇవాళ పొద్దున నేను చూసింది?"

"రిహార్సలే."

"ఇందాక వేదిక మీద?"

"అక్కడ నేను పక్కన లేను కదండీ. అందుకే ఆగిపోయారు."

ఆవిడ సూదిచూపు అతని మొహం మీద గుచ్చుకుని కదల్లేదు. ఆవిడ చూసే మొహం ఏం చెబుతోందో అతనికి తెలియదు.  "ఇది రాస్తే మీరు మళ్ళీ ఏ యూనివర్సిటీ గుమ్మం ఎక్కలేరు. తెలుసా?" అందావిడ.

"తెలుసండి."

ఆవిడ రిపోర్టు ముందుకు లాక్కుని, రాసిన పేజీ మీద అడ్డంగా గీత కొట్టింది. కొత్త కాగితం తీసుకుంది. "రేపు బడికి వెళ్ళి పిల్లలని విచారిస్తాం. ఇలాంటివి మాట మీద వదిలేయలేం" అంది, తలెత్తకుండా.

వరండాలో భార్య మాస్టారికి గ్లాసు అందిస్తోంది, తన చెయ్యి కూడా గ్లాసు కింద పెట్టి. అతన్ని చూసి లేచింది. "అయిందా?"

"ఇవ్వడం లేదు."

"ఏం?"

"ఇవ్వకుండా నేనే చేసుకున్నాను."

ఆవిడ మాస్టారి వైపు చూసింది, అతని వైపు చూసింది. ఏదో అర్థమైనట్టే ఉంది. అర్థమైనంత మాత్రాన కోపం తగ్గలేదు. "ఇవాళ నాతో మాట్లాడకండి" అంది. మాస్టారి మోచెయ్యి పట్టుకుని, "మెట్టుంది బాబాయిగారూ, చూసి" అంటూ దిగిపోయింది.

హాల్లోంచి విద్యార్థులు బయటికొస్తున్నారు. వాళ్ళకింకా తెలియదు. ఒకడు చెయ్యి చాపి, "కంగ్రాట్స్ డాక్టరుగారూ" అన్నాడు. అతను ఆ చేతిని పట్టుకుని వదిలేసి, మెట్లు దిగి పరిగెత్తాడు. పిల్లల టెస్టు అయిపోయుంటుంది. బడి వదిలేలోపు రెండో బెంచీ పిల్లని పట్టుకోవాలి. రేపు ఎవరేం అడుగుతారో, ఎవరేం చెప్పాలో, ఎక్కడ తడబడకూడదో ఆ పిల్లలకి ఇప్పుడు నిజంగానే నేర్పించాలి.